నోరు విప్పని పిల్లలు

తల్లిదండ్రులకూ లెక్చరర్లకూ నమస్కారం.

చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాడు, క్లాసులో డౌట్ అడగడు. "మావాడు బుద్ధిమంతుడండీ, నోట్లో నాలుక లేదు" అని మురిసిపోతాం. ఇంటర్‌కొచ్చాక డిప్రెషన్ అని తేలుతుంది. అలాంటి చాలామందిలో నలుగురిలోకి వెళ్లాలంటే భయం అంతకు ముందే, 12, 13 ఏళ్లప్పుడే మొదలై ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్నే మనం మెచ్చుకున్నాం!

ఈ భయం తీరును డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1995లో వివరించారు. లెక్చరర్ పేరు పిలవగానే పిల్లాడి ధ్యాస ప్రశ్న మీద ఉండదు, తన మీదికే మళ్లుతుంది. గొంతు వణుకుతోందా? చెమట కనిపిస్తోందా? తన కంగారంతా అందరికీ తెలిసిపోతోందనుకుంటాడు. నిజానికి చూసేవాళ్లకు అంతగా తెలియదు. తల దించుకుని, మనసులో వల్లె వేసుకున్న ముక్క ముక్తసరిగా చెప్పి కూర్చుంటాడు. పక్కవాళ్లకు అది పొగరులా అనిపించి దూరం జరుగుతారు. 'నేనంటే ఎవరికీ పడదు' అన్న వాడి అనుమానానికి రుజువు దొరికినట్టే.

అసలు కష్టం హాస్టల్లో లైట్లు ఆర్పాక. పొద్దున అన్న ఒక్క మాటనే పదేపదే తిరగేస్తాడు. డిప్రెషన్ తోడైతే 'అలా అన్నానేంటి' అన్నది 'నా బతుకే ఇంత'గా మారిపోతుంది. మంచి జరిగినా లెక్కలోకి రాదు. సెమినార్‌లో అందరూ చప్పట్లు కొడితే, "పాపం అని కొట్టారు సార్" అనే పిల్లలున్నారు. అలాంటివాళ్లకు "ధైర్యంగా ఉండు" అని చెప్పి ఏం లాభం?

అన్నట్టు, ర్యాంకుల లిస్టు గోడకు అంటించి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే చోట 'అందరూ నన్ను కొలుస్తున్నారు' అనుకోవడం పూర్తిగా భ్రమేమీ కాదు. తప్పంతా పిల్లాడి మనసు మీదికే నెట్టకండి.

చికిత్సలో చిన్న పరీక్షలు పెడతాం. మాట్లాడేటప్పుడు వీడియో తీస్తాం. చూపించే ముందు "ఎలా కనిపిస్తావనుకుంటున్నావ్?" అని అడిగి, తర్వాత చూపిస్తాం. తను ఊహించుకున్నంత ఘోరంగా లేదని చాలామంది కళ్లారా చూస్తారు. డిప్రెషన్ ఉంటే మాత్రం ఒక్కసారితో నమ్మరు, ముందు నిద్రనూ రోజువారీ పనుల్నీ గాడిలో పెట్టాల్సి రావచ్చు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనుంది అని పిల్లలు అంటే మాత్రం ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.