43 శాతం అని చప్పట్లు కొట్టేవాళ్లు ఈ ఒక్క పేజీ తిప్పండి

ఆ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. మన దేశంలో సైన్స్, టెక్నాలజీ డిగ్రీలు తీసుకునేవాళ్లలో 43 శాతం ఆడపిల్లలేనట, అమెరికా కూడా మన వెనకేనట. కింద జెండాలు, చప్పట్లు. బాబూ, అది గేటు దాటినవాళ్ల లెక్క! లోపల, అంటే ఉద్యోగాల్లో, ఎంతమంది మిగిలారో ఎవరు చెప్తారు?

అసలు ఆ 43 ఎలా వచ్చిందో చూడండి. బీఎస్సీ, బీటెక్ అన్నీ కలిపేస్తే వచ్చింది. బీఎస్సీలో అమ్మాయిలే సగానికి పైన. బీటెక్ ఒక్కటే విడిగా తీస్తే, కేంద్ర విద్యాశాఖ 2020-21 సర్వేలో నూటికి 30 మంది కూడా లేరు. మరి పోస్టర్ మీద 43 ఎందుకేస్తారు? బాగుంటుంది కాబట్టి!

ఇంకోటి వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు 2019లో మన దగ్గరకొచ్చి అడిగిన ప్రశ్న, "ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా?" అని. ఎప్పుడైనా! జీవితంలో ఒక్కసారి ముట్టుకున్నా పాసే. అంత తేలిక పరీక్షలోనూ ఆంధ్రాలో ఆడవాళ్లు 21 శాతం. బీహార్ పక్కన కూర్చున్నాం. తెలంగాణ 26 దాటింది, అంతే. ఇంటికో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని డబ్బా కొట్టుకునేది మనమేగా?

సరే, అసలు లెక్క ఎక్కడుంది? ఇదిగో, ఎవరూ తిప్పని పేజీలో ఉంది. స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిన కంపెనీల్లో, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి ఏటా సెబీకి, అంటే ఆ మార్కెట్‌ మీద నిఘా పెట్టే సంస్థకి, ఒక రిపోర్టు ఇవ్వాలి. పేరు బీఆర్‌ఎస్‌ఆర్. అందులో ఒక టేబుల్ ఉంటుంది: పిల్లలు పుట్టాక లీవు తీసుకున్నవాళ్లలో ఎంత శాతం తిరిగొచ్చారు, వచ్చినవాళ్లలో ఏడాది తర్వాత ఎంత శాతం ఉన్నారు. ఆడ, మగ విడివిడిగా! బంగారం లాంటి లెక్క. దీన్ని పోస్టర్ వేసిన కంపెనీని ఒక్కదాన్ని చూపించండి. పైగా మన గచ్చిబౌలిలో ఉన్న విదేశీ కంపెనీల ఆఫీసులు చాలావరకు ఇక్కడ లిస్ట్ కానివే. వాటికి ఆ టేబులూ లేదు.

మార్చి 8న మాత్రం గులాబీ రంగు బెలూన్లు, సెల్ఫీ ఫ్రేమ్, చేతిలో ఒక రోజా పువ్వు. పువ్వులకి బడ్జెట్ ఉంటుంది. 2017లో మార్చిన ప్రసూతి చట్టం ఏం చెప్పింది? 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీ ఆఫీసులో క్రెష్ ఏ ఫ్లోర్‌లో ఉందో తెలుసా? టేబుల్ టెన్నిస్ బల్ల ఎక్కడుందో మాత్రం టక్కున చెప్తారు!

అందుకే నా సర్వే నాది. హెచ్ఆర్ వాళ్లని శాతాలు అడగొద్దు. పొద్దున పదిన్నరకి క్రెష్ తలుపు తీసి, లోపల ఎన్ని జతల బుల్లి చెప్పులున్నాయో లెక్కపెట్టండి. "అన్నా, అందులో మగ ఉద్యోగుల పిల్లలూ ఉంటారుగా" అంటారా? ఉండనీ! వాళ్లావిడ ఇంకెక్కడో ఉద్యోగంలో ఉండి ఉంటుంది. అదీ మన లెక్కలోకే వస్తుంది.

మీ కంపెనీ రిపోర్టు తెరిచి, ఆ టేబుల్‌లో ఆడవాళ్ల అంకె ఎంతుందో కామెంట్‌లో పెట్టండి. కంపెనీ పేరు మాత్రం వద్దు. లాయర్ నోటీసులు వచ్చేది నాకు, మీకు కాదు.