బరువైన మస్టాంగ్‌కి కొత్త రూల్ టైరు: టోయో ఆర్‌ఆర్ రివ్యూ

అందరికీ నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ నాలుగు టైర్లు ఒక టైర్ల షాపు వాళ్లు ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు.

టైరు పేరు టోయో ప్రాక్సెస్ ఆర్‌ఆర్. సైజులు, రేట్లు మీరు ఈపాటికి చూసేసి ఉంటారు, వాటి జోలికి పోను. అమెరికాలో నాసా, అంటే నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్, వాళ్ల అమెరికన్ ఐరన్ లాంటి రేసు క్లాసుల్లో ఏ టైరు వాడాలో రూల్‌బుక్కే చెబుతుంది, అదే రూల్ టైరు. అక్కడ ఫోర్డ్ మస్టాంగ్‌లు, షెవర్లే కమారోలు ఏళ్ల తరబడి టోయోల మీదే తిరిగాయి. మొదట ఆర్‌ఏ1, ఆ తర్వాత ఆర్888, ఆపైన ఈ ఆర్‌ఆర్. మీ క్లాసు రూల్‌బుక్‌లో ఈ సీజన్‌కి ఏ టైరు రాశారో చూసుకున్నాకే కొనండి. రూల్ మారి టైరు మార్చాల్సి వస్తే, 1,500 కిలోల కారులో ఏమేం మార్చాలి? ఈ వీడియో దాని గురించే.

డల్లాస్, ఆస్టిన్ వైపు మనవాళ్లు ట్రాక్ డేలకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజులకి, బాగానే వస్తున్నారు. అందరి నోటా ఒకటే మాట: "కొత్త టైరు వేశాం, రెండు సెషన్లకే బయటి అంచు పోయింది, టైరు వేస్ట్." కాదండీ. తప్పు టైరుది కాదు, క్యాంబర్‌ది. అంటే ముందు నుంచి చూస్తే చక్రం ఎంత ఒరిగి ఉందో అది; పైభాగం లోపలికి ఒరిగితే మైనస్.

ఒక్కసారి లెక్క చూడండి. 1,500 కిలోల మస్టాంగ్‌లో 54 శాతం బరువు ముందుంటుంది. నిలబడి ఉన్నప్పుడు ముందు టైరు ఒక్కోదాని మీద దాదాపు 405 కిలోలు. 1.2 జీ మలుపులో, అంటే కారు బరువుకి 1.2 రెట్లు పక్కకి తోసే మలుపులో, బయటి వైపు ముందు టైరు మీద 700 కిలోలు దాటుతుంది. అదే మలుపులో మాజ్దా మియాటా లాంటి తేలిక కారుకి 500 లోపే. పైగా మస్టాంగ్ ముందు భాగం స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన ఒకే కాడ) మీద ఉంటుంది. బాడీ 3 డిగ్రీలు వాలితే, రోడ్డు లెక్కన రెండు, రెండున్నర డిగ్రీల క్యాంబర్ పోతుంది. మీరు మైనస్ 2 పెట్టుకుని వెళ్తే మలుపులో టైరు నిటారుగా లేచి, ఇంకా బయటికి ఒరుగుతుంది. ఆ 700 కిలోలూ రెండంగుళాల అంచు మీదే. ఒక పక్కే అరిగిన చెప్పులా తయారవుతుంది.

ఇంకో సంగతి. పాత టైరు మీద 1.1 జీ వచ్చి, దీని మీద 1.2 వస్తే, అవే స్ప్రింగులతో బాడీ 9 శాతం ఎక్కువ వాలుతుంది. పట్టు పెరిగిన కొద్దీ క్యాంబర్ కొరత కూడా పెరుగుతుంది. అందుకే పాత సెట్టింగ్ దీనికి పనికిరాదు.

కాబట్టి మొదట క్యాంబర్ ప్లేట్లు, అంటే స్ట్రట్ పైకొనని జరిపి క్యాంబర్ మార్చుకునే ప్లేట్లు. ముందు మైనస్ 3 నుంచి 3.5 దాకా పెట్టండి. క్యాంబర్ కదిపితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా కదులుతుంది, కాబట్టి అది మళ్లీ సెట్ చేయాల్సిందే. మొత్తం మీద ఒకటిన్నర మిల్లీమీటర్ టో అవుట్ చాలు. ఇంత క్యాంబర్‌తో నేరుగా బ్రేకు కొట్టినప్పుడు పట్టు కాస్త తగ్గుతుంది. అయినా మలుపులో వచ్చేది దానికంటే ఎక్కువ.

ఇక నాకు బాగా ఇష్టమైన పనిముట్టు, సూది గుచ్చి టైరు వేడి కొలిచే పైరోమీటర్. దయచేసి లేజర్ గన్‌తో సరిపెట్టుకోకండి. అది పైపై వేడే చూపిస్తుంది, పిట్ లేన్‌లోకి వచ్చేసరికి అది చల్లారిపోతుంది. సూదిని రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు దించండి. లోపలి అంచు నుంచి ఒక అంగుళం ఇవతల, మధ్యలో, బయటి అంచు నుంచి ఒక అంగుళం ఇవతల. కూల్ డౌన్ ల్యాప్ (నిదానంగా తిరిగే ఆఖరి రౌండు) తిరిగి వచ్చాక కొలిస్తే లాభం లేదు, వేడి మీదే రావాలి. ఎక్కువ కష్టపడిన టైరు మొదట. ఆస్టిన్‌లోని కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్) ట్రాక్‌లో 20 మలుపుల్లో 11 ఎడమవే, అయినా 16, 17, 18 కలిసి ఒకే పొడవాటి కుడి మలుపులా సాగుతాయి. ఎడమ ముందు టైరు అక్కడే నలిగిపోతుంది.

లోపల 92, మధ్యలో 88, బయట 85 డిగ్రీల సెల్సియస్ వస్తే సంతోషంగా ఇంటికెళ్లొచ్చు. బయట 98, లోపల 80 అంటే క్యాంబర్ చాలట్లేదు. మధ్యే ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువ. రెండంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే గాలి తక్కువ. పైరోమీటర్ లేకపోతే సుద్దముక్కతో అంచు మీద నుంచి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీదికి గీత గీసి వెళ్లండి. తిరిగి వచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత దొర్లిందో తెలిసిపోతుంది.

గాలి దగ్గర చాలామంది చేసే పని నాకు అస్సలు నచ్చదు. పట్టు కోసం గాలి తగ్గిస్తారు. తేలిక కారుకి నడుస్తుందేమో గానీ, బరువు కారులో గాలి తగ్గిస్తే సైడ్‌వాల్ మడతపడి అదే అంచు ఇంకా కాలుతుంది. వేడి మీద 36 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. 25 డిగ్రీల దగ్గర 28 పెడితే, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి 36 అవుతుంది. గాలిలో తేమ ఉంటే ఇంకాస్త పైకే పోతుంది. నాలుగూ వేడి మీద సమానంగా రావాలంటే చల్లగా ఉన్నప్పుడు తేడాగా పెట్టాలి, ఎడమ ముందు కాస్త తక్కువ. మధ్యాహ్నం ఎండకి వదిలిన గాలిని మర్నాడు పొద్దున్న మళ్లీ కొట్టాలి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

సైజు మారితే ఎత్తు కూడా మారుతుంది. 255/40 17 నుంచి 275/40 17కి వెళ్తే టైరు 16 మిల్లీమీటర్లు పెద్దది, కారు 8 లేస్తుంది. గేరింగ్ రెండున్నర శాతం పొడవవుతుంది, అంటే అదే ఇంజిన్ వేగానికి కారు అంత ఎక్కువ వేగంగా పోతుంది. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఫెండర్ లైనర్‌కి, స్ట్రట్‌కి తగులుతోందేమో చూడండి. పాత మస్టాంగ్‌ల వెనక ఉండే లైవ్ యాక్సిల్‌కి (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) మార్చుకునే క్యాంబర్ ఉండదు, అక్కడ మన చేతిలో ఉన్నది గాలి, బాడీ వాలడాన్ని తగ్గించే యాంటీ రోల్ బారే. చక్రం బిగించే అరంగుళం స్టడ్లకి 100 ఫుట్ పౌండ్ల బిగింపు, ప్రతి సెషన్ తర్వాతా చూసుకోవాలి. పట్టు పెరిగితే హబ్ బేరింగుల మీద కూడా భారం పెరుగుతుంది.

కొత్త సెట్‌ని మొదటి సెషన్‌లోనే పిండేయకండి. నిదానంగా వేడెక్కించి, బయటికొచ్చి ఒక రోజు వదిలేయండి. చాలామంది ఇది చేయరు, తర్వాత టైరు త్వరగా పోయిందంటారు.

నా మాటైతే, ఈ టైరు నాకు చాలా నచ్చింది. ఆర్‌ఏ1 ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, తక్కువైతే రబ్బరు మెత్తన) 100, దీనిది 40. తేడా మొదటి మలుపులోనే చేతికి తెలుస్తుంది. ఆర్‌ఏ1ని పొడి ట్రాక్ కోసం ట్రెడ్ పలచగా చెక్కించుకునేవాళ్లం, దీనికి ఆ ఖర్చు లేదు. కానీ మీ కారుకి మైనస్ 3 రాకపోతే కొనకండి, ముందు ఆ డబ్బు ప్లేట్లకి పెట్టండి. ఇంకొకటి, దీనికి చుట్టూ ఉన్నవి రెండే గాడులు, నీళ్లు నిలిచిన ట్రాక్ మీద పనికిరాదు. చెక్కించని ఆర్‌ఏ1 సెట్ ఒకటి రిమ్ములతో సహా ట్రెయిలర్‌లో పడేసుకోండి, రూల్‌బుక్ ఒప్పుకుంటేనే.