పలక వెనక గీతలు

అందరికీ నమస్కారం. ఒంగోల్లో ఫోటోల గురించి మాట్లాడతానంటే కొత్తపట్నం బీచ్‌లో సూర్యోదయమో, చీమకుర్తి గ్రానైట్ క్వారీయో చూపిస్తాననుకుని వచ్చుంటారు. నేను తెచ్చింది ఒక పాత పలక ఫోటో. ముందు వరసలో వాళ్లు చూసి వెనక్కి అందివ్వండి, అది తిరుగుతుంటే నేను మాట్లాడతాను.

అది మార్కాపురం పలక. నల్లరాయి, చుట్టూ కొయ్య చట్రం, ఒక మూల రేకు ఊడిపోయింది. మన వైపు నా ఈడు వాళ్లు చాలామంది దానిమీదే అ ఆ దిద్దారు. బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్ది దాన్ని నల్లగా చేసుకున్న సంగతి మీ అమ్మానాన్నల్ని అడగండి, చెబుతారు. కనిగిరి దగ్గర మా ఇంట్లో 20 ఏళ్లుగా అది ఉప్పు జాడీ మీద మూత. ఎన్నిసార్లు తీసి పెట్టానో లెక్కలేదు, ఒక్కసారీ చూడలేదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే ఊరికే ఫోన్‌తో తీశాను. పెద్దది చేసి చూస్తే పలక వెనక వైపంతా సన్నటి నిలువు గీతలు, కొన్నింటి మీద అడ్డంగా కొట్టివేత. తర్వాత ఫ్లాష్ వేసి మళ్లీ తీశాను, ఒట్టి రాయి, ఒక్క గీతా లేదు. వెలుగు పక్కనుంచి వస్తేనే గీతలో నీడ పడుతుంది, నీడ పడితేనే అక్కడ గీత ఉందని తెలుస్తుంది. ఫోటోలు తీయడంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, దీనికి కెమెరా ధరతో సంబంధం లేదు.

అమ్మకి చూపించాను. నీళ్ల లెక్క అంది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లు బండి మీద వచ్చేవి, బిందెల లెక్కన అప్పుగా పోయించుకునేవాళ్లు. ఒక నెల బండాయన లెక్క ఎక్కువ చెప్పాడట, అప్పట్నుంచి బిందెకో గీత. బలపంతో రాస్తే నేను చెరిపేస్తానని మేకుతో గీసేది, డబ్బు ఇచ్చాక కొట్టేసేది. అమ్మ బడికి పోలేదు. నేను అక్షరాలు దిద్దుకున్న రాయికి అవతలి వైపు ఆమె లెక్క రాసుకుంటోందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

ఇలాంటి ఫోటోలు కొత్తేమీ కాదు. ఫోటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసిన అయిదారేళ్లకే, 1844లో, ఇంగ్లండులో టాల్బట్ అని, ఫోటోగ్రఫీ కనిపెట్టిన వాళ్లలో ఒకాయన, తెరిచిన తలుపు దగ్గర ఆనించిన చీపురుని ఫోటో తీశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న చెక్ ఫోటోగ్రాఫర్ జోసెఫ్ సుదెక్, ప్రాగ్ నగరం జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో మొదలుపెట్టి తన స్టూడియో కిటికీనే ఏళ్ల తరబడి తీశాడు, ఆవిరి పట్టిన అద్దం, గట్టు మీద గ్లాసు. ఒక్క కిటికీ దగ్గర అన్నేళ్లు నిలబడ్డాడు కాబట్టి ఆయనంటే నాకు ఎక్కువ ఇష్టం. కానీ టాల్బట్ చీపురుతో రోజూ ఊడ్చిన మనిషెవరో? ఇప్పుడు అడుగుదామన్నా ఎవరూ లేరు. మనకి మన వాళ్లు ఉన్నారు.

అందుకే చెబుతున్నాను, ఇంటికెళ్లి వెతకండి. ఉదయగిరి కొయ్య గరిటె ఉంటే దాని అంచు చూడండి, ఒక పక్కే అరిగి ఉంటుంది, ఏ చేత్తో తిప్పారో అదే చెబుతుంది. తీసింది ముందు ఇన్‌స్టాలో పెట్టకండి, ఆ వస్తువు వాడిన వాళ్లకే చూపించండి. ఫోటో లేకుండా అడిగితే "ఏముందిరా అందులో" అంటారు, మా అమ్మా మొదట అదే అంది.

ఫోటో ఎక్కడిదాకా వచ్చింది? కింద ఎడమ మూల చూడండమ్మా, కొట్టేయని గీతలు కొన్ని ఉన్నాయి. నాకు పదకొండు కనిపించాయి. పన్నెండు అంటుంది అమ్మ, ఒకటి పెచ్చు ఊడిన చోట పోయిందట. ఆ తర్వాత బండాయన మా వీధికి రాలేదు. ఆయనకి ఆ పన్నెండు బిందెల డబ్బు ఇంకా ఇవ్వాలి అంటుంది.