‘పైదే’ అంటే ఏది?
(పరిశోధక విద్యార్థుల కార్యశాలలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

2009లో నేను ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం చివరి దశలో ఉండగా ఎం.ఎల్.ఎ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) హ్యాండ్‌బుక్ ఏడో ఎడిషన్ వచ్చింది. పరిశోధనలో వాడిన పుస్తకాల వివరాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం అది. అప్పటిదాకా పుస్తకం పేరు కింద గీత గీసేవాళ్లం. ఇకపై ఇటాలిక్స్ అన్నారు. గ్రంథసూచిలో ప్రతి ఎంట్రీ చివర ‘ప్రింట్’ అనో ‘వెబ్’ అనో రాయమన్నారు. డీటీపీ సెంటర్లో రెండు రాత్రులు కూర్చుని అన్నీ మార్పించాను. తీరా 2016లో ఎనిమిదో ఎడిషన్ ఆ మాటలు అక్కర్లేదంది. నాకు ఒళ్లు మండింది. ఈ మార్పులు ఎందుకో ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. మీకు చెబుదామనే వచ్చాను.

ఏడో ఎడిషన్ దాకా పుస్తకానికొక నమూనా, పత్రికకొక నమూనా, సినిమాకొక నమూనా. యూట్యూబ్ ప్రసంగాలూ ఈ-బుక్‌లూ వచ్చాక ఎన్ని నమూనాలని కంఠస్థం చేస్తాం? అందుకే ఎనిమిదో ఎడిషన్ అన్నిటికీ ఒకే వరస పెట్టింది. రచయిత, శీర్షిక, అది దేనిలో ఉంది, ప్రచురణకర్త, తేదీ, పేజీ లేదా లింకు... మొత్తం తొమ్మిది అంశాలు. లేనిది వదిలేయడమే. ‘దేనిలో ఉంది’ అన్నది ముఖ్యం. వ్యాసం పత్రికలో ఉంటుంది, ఆ పత్రిక ఒక డేటాబేస్‌లో ఉంటుంది. రెండూ చెప్పాలి. 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్‌లోనూ ఇదే పద్ధతి.

ప్రచురణ స్థలం సంగతి చూడండి. ఎం.ఎల్.ఎ. 2016లో, ఇలాంటివే మరో రెండు పద్ధతులు ఎ.పి.ఎ. (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) 2019లో, షికాగో (షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్) 2024లో ఊరి పేరు అక్కర్లేదన్నాయి. పెద్ద ప్రచురణ సంస్థలకు ఇప్పుడు దేశదేశాల్లో ఆఫీసులున్నాయి, ఏ ఊరని రాస్తాం? ఆ సంస్థలకు ఈ నియమం బాగానే ఉంటుంది. మన పాత తెలుగు పుస్తకాలకు మాత్రం ఊరు తీసేయకండని నా అభిప్రాయం. చెన్నపట్నంలో అచ్చయిందా, రాజమండ్రిలో అచ్చయిందా, బందరులోనా అన్నది ఆ పుస్తకం చరిత్రలో భాగం. 1900కు ముందటి పుస్తకాలకు ఊరు ఇవ్వొచ్చని ఎం.ఎల్.ఎ. కూడా ఒప్పుకుంటుంది.

ఇక మన తెలుగు థీసిస్‌ల పాదసూచికల్లో కనిపించే ‘పైదే’. అంటే పై సూచికలో చెప్పిన పుస్తకమే అని. ఇంగ్లిష్ థీసిస్‌లలో దాన్నే ‘ఇబిడ్’ అంటారు. చేత్తో రాసే రోజుల్లో అది ఎంతో శ్రమ తప్పించింది. ఇప్పుడు మనం కంప్యూటర్లో ఒక పేరా కోసి మరోచోట అతికిస్తాం. దాంతో ‘పైదే’కు పైన ఉండాల్సిన పుస్తకం మారిపోతుంది. ఒక విద్యార్థిని థీసిస్‌లో ఇలా వరసగా పదకొండు పాదసూచికలు వేరే పుస్తకానికి అంటుకుపోవడం నేను చూశాను. ఆమె ఏ తప్పుడు ఉద్దేశంతోనూ చేయలేదు. అయినా వైవాలో తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది. 2017లో షికాగో పదిహేడో ఎడిషన్ ‘ఇబిడ్’ బదులు రచయిత పేరు, కుదించిన శీర్షిక, పేజీ రాయడమే మేలంది. దయచేసి తెలుగులోనూ అలాగే చేయండి.

ఎ.పి.ఎ. పద్ధతి వాడేవాళ్లకు ఒక్క మాట. ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది రచయితలుంటే వాక్యం మధ్య ఇచ్చే సూచికలో మొదటిసారి నుంచే ఒక పేరు, ‘తదితరులు’ చాలు. చివరి జాబితాలో మాత్రం ఇరవై మంది దాకా అందరి పేర్లూ ఇవ్వాలి.

చాట్‌జీపీటీ గురించి చాలామంది అడిగారు. 2023లో ఎ.పి.ఎ., ఎం.ఎల్.ఎ. రెండూ సూచనలిచ్చాయి, కానీ ఒకేలా కాదు. ఎ.పి.ఎ. దాన్ని తయారుచేసిన కంపెనీని రచయిత స్థానంలో పెట్టమంది. ఎం.ఎల్.ఎ. ఏఐని రచయితగా చూపొద్దంది, మీరు అడిగిన ప్రశ్నను శీర్షిక స్థానంలో రాయమంది. మీ విభాగం ఏ స్టైల్ అంటే అది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చాట్‌జీపీటీ చూపిన పుస్తకం నిజంగా ఉందో లేదో లైబ్రరీలో చూడకుండా జాబితాలో చేర్చకండి.

ఏ ఎడిషన్ మారినా మనకు తీరని చిక్కు పేర్లది. ‘చివరి పేరు, కామా, మొదటి పేరు’ అనగానే సురవరం ప్రతాపరెడ్డి గారు ‘రెడ్డి, ఎస్. పి.’ అయిపోతారు. ఆయన ఇంటిపేరు సురవరం. విశ్వనాథ సత్యనారాయణ గారి ఇంటిపేరు విశ్వనాథ. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంది, తిప్పి రాయాల్సిన పని లేదు. రావునో రెడ్డినో పట్టుకుని వెతికే పాఠకుడికి అసలు మనిషి దొరకడు. ఇంగ్లిష్‌లో రాస్తున్నా సురవరం దగ్గరే ఎంట్రీ మొదలుపెట్టండి. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతే తెలుగు ముఖపత్రం తెరిచి పూర్తి పేరు కనుక్కోండి. బతికున్న రచయితలైతే తమ ఇంగ్లిష్ వ్యాసాల్లో పేరు ఎలా రాసుకున్నారో అలాగే ఇవ్వండి.

మధ్యాహ్నం సెషన్‌కు మీ ఉపయుక్త గ్రంథసూచి ప్రింటు తీసుకురండి. ముందుగా ‘ఆర్’ అక్షరం కింద ఉన్న ఎంట్రీలు చూద్దాం.