కరాచీ చేరని గాలి ఓడ

శ్రోతలకు నమస్కారం.

1928లో 'సైమన్ గో బ్యాక్' అంటూ దేశమంతా నల్లజెండాలు పట్టిందనీ, మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలబడ్డారనీ మనం చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ సర్ జాన్ సైమనే రెండేళ్ల తర్వాత లండన్‌లో మరో విచారణకు పెద్దగా కూర్చున్నాడు. మన దేశానికి రావడానికి బయల్దేరి, మొదటి రాత్రే కాలి బూడిదైపోయిన ఒక గాలి ఓడ మీద ఆ విచారణ. ఓడ పేరు ఆర్-101. ఈ పూట మీకు దాని కథే చెబుతాను.

గాలి ఓడ అంటే ఎయిర్‌షిప్. విమానంలా రెక్కల బలంతో లేచేది కాదు, బెలూన్‌లా తేలేది. బెలూన్ గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. దీనికి ఇంజన్లూ చుక్కానీ ఉంటాయి కాబట్టి మనం అనుకున్న దారిన పోతుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 'పారాచూట్‌కు కట్టిన పెట్టెలు మీ పొలాల్లో పడితే ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి' అని అప్పుడప్పుడూ పేపర్లలో ప్రకటన వస్తుంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బెలూన్లను లేపే హైడ్రోజనే ఈ ఓడలనూ లేపింది. ఘనమీటరు హైడ్రోజన్ మోసేది కిలోకు కాస్త ఎక్కువ, అంతే. అంటే ఒక్క మనిషిని లేపాలంటే ఓ మాదిరి గది నిండా వాయువు పట్టాలి. మరి యాభైమందిని, ఇంజన్లను, చమురును, మంచాలను, వంటగదిని మోయాలంటే? అందుకే ఆర్-101 పొడవు 237 మీటర్లు అయింది.

ఇలాంటి ఓడను మొదట నిలబెట్టినవాడు జర్మనీలో ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్. సైన్యం నుంచి రిటైరైన పెద్దమనిషి. అరవై దాటాక, 1900 జులై 2న, కాన్‌స్టెన్స్ సరస్సు మీద తన మొదటి ఓడను పద్దెనిమిది నిమిషాలపాటు ఎగరేశాడు. 1908లో ఆయన నాలుగో ఓడ ఎక్టర్‌డింగెన్ దగ్గర తుపాను గాలికి తెగి కాలిపోతే, ఇక ఆయన పని అయిపోయిందనుకున్నారు. కానీ జర్మనీ ప్రజలు చందాలు వేసుకుని అరవై లక్షల మార్కులు పోగుచేసి ఆయన చేతిలో పెట్టారు. మరుసటి ఏడే ప్రయాణికుల కోసం డెలాగ్ అనే కంపెనీ పుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి విమానయాన సంస్థ అదే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేలోపు 1,588 సార్లు ఎగిరి, 34 వేలమందిని తిప్పింది. ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదు.

ఈ ఓడల లోపల హైడ్రోజన్ నింపే సంచుల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. హైడ్రోజన్ మహా సన్నటి వాయువు, గుడ్డలోంచి, రబ్బరులోంచి ఇట్టే జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి వాళ్లకు దొరికింది పశువుల పేగు పొర. కబేళాల నుంచి పేగులు తెచ్చి, కడిగి, కొవ్వు గీకి, ఉల్లిపొరలాంటి ఆ పొరను తడిగా ఉండగానే ఒకదాని అంచు మీద ఒకటి పరిచేవారు. ఆరాక అతుకు ఎక్కడుందో కనిపించనంతగా అవి కలిసిపోయేవి. యుద్ధకాలంలో ఒక్క జెప్పెలిన్‌కు రెండున్నర లక్షల ఆవుల పేగులు పట్టేవి. జర్మన్లకు ప్రాణప్రదమైన సాసేజ్ చేయాలన్నా ఆ పేగులే కావాలి. దాంతో సాసేజ్ తయారీనే నిషేధించారు.

1915 జనవరిలో ఒక రాత్రి ఈ జెప్పెలిన్ ఓడలు మొదటిసారి ఇంగ్లండ్ తీరం మీద బాంబులు వేశాయి. మే నెలాఖరుకు లండన్ మీదా పడ్డాయి. అంతవరకూ యుద్ధమంటే ఎక్కడో సరిహద్దులో సిపాయిలు కొట్టుకోవడమే. ఇప్పుడు ఇంట్లో పడుకున్న పసిపిల్లల మీదికి వచ్చింది. మామూలు గుండ్లు తగిలితే సంచికి చిన్న చిల్లు పడేది, ఓడ చలించేది కాదు. 1916లో నిప్పురవ్వలు చిమ్మే గుండ్లు వచ్చాకే ఆ ఓడలకు కాలం చెల్లింది. ఆ సెప్టెంబరులో లీఫ్ రాబిన్సన్ అనే కుర్ర పైలట్ లండన్ శివారులో ఒక ఓడను కూల్చినప్పుడు ఆకాశం ఎర్రబడి మైళ్ల దూరం కనిపించిందట. మొత్తం మీద బ్రిటన్‌లో ఈ దాడులకు అయిదు వందలకు పైగా జనం చనిపోయారు.

యుద్ధం అయ్యాక ఓడలు మళ్లీ ప్రయాణాలకు మళ్లాయి. 1929లో హ్యూగో ఎకెనర్ నడిపిన గ్రాఫ్ జెప్పెలిన్ అనే ఓడ భూగోళాన్ని 21 రోజుల్లో చుట్టి వచ్చింది. జర్మనీ నుంచి టోక్యో దాకా 11 వేల కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా పోయింది.

బ్రిటన్ కూడా ఊరుకోలేదు, అంతకు ముందే ఈ పని మొదలుపెట్టింది. తన సామ్రాజ్యాన్ని ఆకాశమార్గాన కలపాలనుకుంది. సముద్రం మీద ఓడలో మూడు వారాలు పట్టే భారతదేశానికి అయిదారు రోజుల్లో చేరాలని ఆశ. కరాచీలో పెద్ద షెడ్డు, ఈజిప్టులోని ఇస్మాయిలియాలో కట్టేయడానికి స్తంభం సిద్ధమయ్యాయి. బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్‌లో ఆర్-101ను ప్రభుత్వమే కట్టింది. ఈ పథకం లార్డ్ థామ్సన్ చేతుల్లో ఉంది. వైమానిక శాఖ మంత్రి. పుట్టింది మన నాసిక్‌లోనే.

ఓడ తయారయ్యాక తూచి చూస్తే, అనుకున్న బరువులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే మోయగలదని తేలింది. ఎండదేశాల్లో పెట్రోలు ప్రమాదమని పెట్టిన డీజిల్ ఇంజన్లే మోయలేనంత బరువు. ఇక ఓడను నడుమకు రెండుగా కోసి, మధ్యలో కొత్త భాగం అతికించి పొడవు పెంచారు. వాయువు ఎక్కువ పట్టాలని సంచులను కట్టిన వలను వదులు చేశారు. అప్పుడు సంచులు లోపలి లోహపు చట్రానికి ఒరుసుకుని చిల్లులు పడసాగాయి. చట్రం మీది మేకుల మొనలకు, మూలలకు వేల సంఖ్యలో గుడ్డ మెత్తలు చుట్టారు. ఇది పనికిరాదని తనిఖీ అధికారి మెక్‌వేడ్ రాతపూర్వకంగా చెప్పాడు. విన్నవారు లేరు.

లార్డ్ థామ్సన్ భారతదేశానికి వెళ్లి, అక్టోబరు 20 కల్లా లండన్‌లో సామ్రాజ్య సదస్సుకు తిరిగి రావాలి. అన్నిటినీ నడిపింది ఆ తేదీయే. అక్టోబరు 1న చివరి పరీక్ష చేశారు. ఒక ఇంజన్‌లో నూనె చల్లబరిచే భాగం పాడవడంతో పూర్తి వేగంతో పరుగెత్తించనేలేదు. గాలివానలో పరీక్షించనేలేదు. అయినా ఎగరవచ్చని కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం మీద సంతకం పడ్డ క్షణమే ఓడ కూలిందని నా నమ్మకం.

1930 అక్టోబరు 4 సాయంత్రం ముసురులో 54 మందితో ఓడ స్తంభం వదిలింది. వదలడానికే నాలుగు టన్నుల నీళ్లు కింద కుమ్మరించాల్సి వచ్చింది. మేజర్ స్కాట్ కూడా అందులోనే ఉన్నాడు. 1919లో ఆర్-34లో అట్లాంటిక్ దాటి వచ్చిన అనుభవజ్ఞుడు. అర్ధరాత్రి వేళ ఓడ నుంచి ఇంటికి వైర్‌లెస్ సందేశం వచ్చింది. అతిథులు మంచి భోజనం చేసి, చివరి చుట్ట కాల్చుకుని, ఫ్రాన్సు తీరం చూశాక పడుకున్నారని.

రాత్రి రెండు గంటలకు డ్యూటీ మారాలి. జో బింక్స్ అనే ఇంజనీరు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా నిచ్చెన దిగి, ఓడ కింద వేలాడే ఇంజన్ గదిలోకి వచ్చాడు. అంతవరకూ డ్యూటీలో ఉన్న ఆర్థర్ బెల్ ఇంకా వెళ్లలేదు, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. అంతలో ఓడ ముక్కు కిందికి వంగింది. కాస్త సర్దుకుంది. మళ్లీ వంగింది. ఫ్రాన్సులో బోవే పట్టణం దగ్గర అలోన్ పల్లె పక్కన నేలను తాకింది. గట్టిగా కూడా కాదు, మనిషి పరుగెత్తే వేగం కన్నా ఎంతో ఎక్కువ కాదు. తర్వాత మంటలు. ఆ ఇంజన్ గదికి పైనున్న నీళ్ల తొట్టి పగిలి నీళ్లన్నీ వాళ్లిద్దరి మీదా పడ్డాయి. ఆ నీళ్లే వాళ్లను కాచాయి. స్మోకింగ్ రూములో ఉన్న హ్యారీ లీచ్ గోడ చించుకుని బయటపడి, తోటివాళ్ల కోసం తిరిగి మంటల వైపు వెళ్లాడు. చివరికి మిగిలినవారు ఆరుగురు. 48 మంది పోయారు. లార్డ్ థామ్సన్, మేజర్ స్కాట్, ఓడను గీసిన రిచ్‌మండ్ అందరూ అందులోనే.

ముందుభాగంలో పైగుడ్డ చిరిగి, గాలివాన లోపలికి కొట్టి, ముందరి సంచుల్లోంచి వాయువు పోయి ఉంటుందని సైమన్ విచారణ తేల్చింది. ప్రభుత్వ విధానం తొందర పెట్టకపోతే అక్టోబరు 4న ఆ ఓడ భారతదేశానికి బయల్దేరి ఉండేదే కాదని కూడా రాసింది. సైమన్ మన దేశానికి ఏం చేశాడో నేను మరచిపోలేదు. కానీ ఈ వాక్యం రాసినందుకు ఆయనను మెచ్చుకోవాలి.

బ్రిటన్ ఇక ఇలాంటి గాలి ఓడల జోలికి పోలేదు. కెనడా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన జంట ఓడ ఆర్-100ను కూడా విరగ్గొట్టి తుక్కు కింద అమ్మేసింది. జర్మన్ల హిండెన్‌బర్గ్ 1937 మే 6న అమెరికాలో కాలిపోయాక ప్రయాణికుల ఓడలకే తెర పడింది.

కరాచీ షెడ్డు మాత్రం నిలిచింది. ఊళ్లో ఏ ఇంటికీ లేనంత ఎత్తు, రెండున్నర వందల మీటర్లకు పైగా పొడవు. నల్లగా ఉండేదని జనం దాన్ని కాలా ఛప్రా అని పిలిచారు. దారి చెప్పేవాళ్లకు అదే గుర్తు. 1960లలో విప్పేశారు. దాని తలుపులు ఏ గాలి ఓడ కోసం కట్టారో, ఆ ఓడగానీ, ఆ జాతికి చెందిన ఇంకోటిగానీ ఎన్నడూ ఆ గడప దాటి లోపలికి రాలేదు.

నమస్కారం.