అమ్మాలా, ఆగాలా: చిక్కుముడిని విడదీసే ఆలోచన

శ్రోతలకు నమస్కారం.

పంట చేతికొచ్చే రోజుల్లో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, వచ్చిన రైతును ఒక ప్రశ్న వేధిస్తుంది: సరుకు ఈరోజే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి మంచి ధర కోసం ఆగాలా? పక్క రైతు మాట, వ్యాపారి సలహా, నిరుటి అనుభవం మనసును తలో వైపుకు లాగుతాయి. ఇటువంటి చిక్కును క్రమపద్ధతిలో విడదీయడాన్నే గణనాత్మక ఆలోచన అంటున్నారు. ఇది కంప్యూటర్ నిపుణుల సొత్తు కాదనీ, చదవడం, రాయడం, లెక్కలు చేయడంతో పాటు ప్రతి బిడ్డకూ నేర్పవలసిన విద్య అనీ కంప్యూటర్ శాస్త్రవేత్త జెనెట్ వింగ్ 2006లో ఒక వ్యాసంలో వాదించారు. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దీనికి కాగితం, పెన్సిలు చాలు.

ముందుగా ప్రశ్నను ముక్కలు చేయాలి. నేటి ధర ఎంత, అంత సొమ్ముపై వడ్డీ ఎంత, నిల్వకు అద్దె ఎంత, ఎండి తగ్గే తూకం ఎంత? ఉదాహరణకు క్వింటా ధర 15,000 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు, నిల్వ కాలం 4 నెలలు, అద్దె 400 రూపాయలు అనుకుందాం. వడ్డీ 1,200 అవుతుంది, మొత్తం 16,600. క్వింటాకు 2 కిలోల తరుగు పోతే ఆ 16,600 రూపాయలు 98 కిలోల మీదే రావాలి కనుక, క్వింటా ధర దాదాపు 16,940కి చేరితే తప్ప ఆగినందుకు ఫలితం ఉండదు. అప్పు లేనివారు వడ్డీ దగ్గర సున్నా వేసుకుంటారు గాని, ఆ సొమ్ము మరోచోట తెచ్చే రాబడిని అక్కడ రాయడమే సరైన లెక్క.

అన్నిటికంటే కష్టమైనది, అనవసరమైనదాన్ని వదిలేయడం. కాయ రంగు, రకం, తాలు శాతం నేటి ధరలో ఇప్పటికే ఇమిడి ఉన్నాయి. వాటిని మళ్లీ తెస్తే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. నాలుగు నెలల తరువాతి ధరను ఈ పద్ధతి చెప్పలేదు. అయితే "ధర పెరుగుతుందా" అన్న అస్పష్టమైన ప్రశ్న "16,940 దాటుతుందా" అన్న స్పష్టమైన ప్రశ్నగా మారుతుంది.

ఈ మెట్లను వరుసగా రాసుకుంటే అదే అల్గారిథమ్. అంకెలు మార్చితే దుగ్గిరాల పసుపుకూ అదే వరుస పనికొస్తుంది. రాసిన వరుసను పరీక్షించడం మాత్రం మరచిపోకూడదు: నిల్వ నెలలు, అద్దె, తరుగు అన్నిటికీ సున్నా వేసి చూడండి. సమాధానం సరిగ్గా 15,000 రాకపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పినట్టే. వరుసలో వెనక్కి వెళ్లి, ఒక్కొక్క మెట్టునూ విడిగా సరిచూసుకోవాలి.