యాసంగి నాట్లు, రాత్రి ఎనిమిదిన్నర మీటింగ్

నమస్తే అందరికీ. ఈ వారం నేను డాలస్‌లో లేను, మిర్యాలగూడ పక్కన మా ఊర్లో ఉన్న. వెనకాల మీకు వినపడుతున్నది సాగర్ ఎడమ కాల్వ నీళ్లు. సంక్రాంతికి రెండు వారాల లీవ్ అని వచ్చిన గానీ, మూడో రోజే లాప్‌టాప్ తెరవాల్సి వచ్చింది.

అక్కడ పొద్దున తొమ్మిదైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది, నేను అరుగు మీద హెడ్‌సెట్ పెట్టుకొని కూసున్న. సంగతేందంటే, మా ఆఫీసుల రెండు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుస్తున్నయి. రిపోర్టింగ్‌ది బాగానే పోతున్నది. బిల్లింగ్‌ది మూడు వారాలు వెనకబడ్డది. మా డైరెక్టర్‌ది ఒకటే మాట: రిపోర్టింగ్‌లకెల్లి నలుగుర్ని తీసి బిల్లింగ్‌లో వేయాలె.

కాల్ అయిపోంగనే అమ్మ, "గంతే కదా బిడ్డా! నాట్లు లేటైతే ఇంకో పదిమందిని పిలుస్తలేమా? పొద్దుగూకేలోపు మడి నిండుతది" అన్నది.

నాట్లకు అది నిజమే. నిన్న ఏ మడి ఎట్ల నాటిన్రో కొత్తగా వచ్చినామెకు చెప్పే పని లేదు. కోడ్‌కు అట్ల నడవదు, ఆ దెబ్బ నేను తిన్న. రెండేళ్ల కింద లేటైన టీంలో ఐదుగురుంటే, ఇంకో నలుగుర్ని కలిపిన. ఐదుగురి మధ్య మాట నడవాల్సిన జతలు 10. తొమ్మిది మంది అయితే 36. లాగిన్‌లకు, యాక్సెస్‌లకే వారం పోయింది. డేటాబేస్‌ల ఒక టేబుల్‌లో స్టేటస్ 7 అని ఉంటది, దాని అర్థం ఒక్క పిలగానికే తెలుసు. ఆ నలుగురు పొద్దున లేస్తే ఆయన కాడికే. ఇగ ఆయన కోడ్ రాసుడు బందు. మూడు వారాల ఆలస్యం ఆరైంది. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ ముచ్చట 1975లోనే రాసిండు, లేటైన సాఫ్ట్‌వేర్‌కు మనుషుల్ని కలిపితే ఇంకా లేటైతదని. నేను చదివిన, చదివి కూడా అదే చేసిన.

అందుకే ఈసారి నలుగురు వద్దన్న. నిరుడు బిల్లింగ్‌లో పనిచేసి రిపోర్టింగ్‌కు పోయినామె ఒక్కతి చాలన్న. అది కూడా సగం ఇక్కడ, సగం అక్కడ కాదు, పూర్తిగా. సగం సగం అంటే రెండు స్టాండప్‌లు, అంటే రోజూ పెట్టే చిన్న మీటింగ్‌లు, రెండు రివ్యూలు, మనిషి ఏ పనికీ అందదు. మన స్టేటస్ 7 పిలగాని మీదున్న సపోర్ట్ టికెట్లు, అంటే వాడేటోళ్ల కంప్లైంట్లు, వేరేవాళ్లకు ఇప్పిచ్చిన. ఇన్‌వాయిస్ కొత్త డిజైన్‌ను తర్వాతి రిలీజ్‌కు నెట్టినం. రిపోర్టింగ్ మేనేజర్ ఊరుకుంటడా? మనిషిని గుంజుకుంటే నా తేదీ సంగతేందన్నడు. న్యాయమే. ఆయన తేదీ వారం జరిపి, మెయిల్‌లో పెట్టిచ్చినం. డైరెక్టర్ ముఖం మాత్రం చూడాలె, పుల్లటి చింతకాయ కొరికినట్టు.

తెల్లారి పొలం కాడికి పోయినం. ఇగో చూడండి, పన్నెండు మంది నడుం వంచి వరుసగా వెనక్కి జరుగుతున్నరు. ఒక్కరు ఆగినా వరుస వంకర పోతది. వీడియోకు బాగుంటదని ప్యాంటు మడిచి నేనూ దిగబోయిన.

"ఏడికి? వరుసల నువ్వు దిగితే అటోళ్లు ఇటోళ్లు నీ కోసమే ఆగాలె" అన్నది అమ్మ. "ఒడ్డెక్కి నారు కట్టలు అందియ్యి."

ఫోన్‌ను మోటరు డబ్బా మీద నిలబెట్టి కట్టలు విసురుడు మొదలుపెట్టిన. మొదటిది ముఠా పెద్దామె మీద బురద చల్లింది. రెండోది ఎవరికీ అందకుంట మడి నడుమ పడ్డది. మూడో కట్టకు లెక్క దొరికింది.